ట్రంకు కాల్‌లో వచ్చిన ఉపగ్రహం

ఉప్పెన ఒకసారి ముంచిన ఊరిని నేను రెండోసారి ముంచాను. పదకొండు రోజులపాటు. అదీ ఆఫీసు కాగితం మీద, ముద్ర వేసి మరీ. నా ఉద్యోగ జీవితంలో ఇంతకంటే చెప్పుకోదగ్గ పనులు చేశానని నా తర్వాతివాళ్ళు మర్యాదకు అంటుంటారు. కానీ కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రవాళ్ళెవరైనా అనుభవాలు చెప్పమంటే నా నోటికి ముందు వచ్చేది ఇదే. సిగ్గుపడుతూనే చెబుతాను.

ఇప్పుడు మీరు ఫోను తీయగానే నీలం చుక్క ఒకటి వెలుగుతుంది, అదే మీరు. మీరు సందు తిరిగితే అదీ తిరుగుతుంది. ఎప్పుడైనా ఆ చుక్క పక్కవీధిలో పడితే విసుక్కుంటారు. విసుక్కోకండి. ఆ చుక్కకు తాతలాంటిదాన్ని నేను చూశాను. అది కోడూరు నుంచి బందరుకు ట్రంకు కాల్‌లో వచ్చేది, దారిలో గుడివాడలో ఆగి చీవాట్లు తినేది.

ఉప్పెన వచ్చిన మరుసటి ఏడాది. దివిసీమలో ఊళ్ళతోపాటు సర్వే రాళ్ళు కూడా కొట్టుకుపోయాయి. ఎవరి హద్దు ఎక్కడుందో చెప్పడానికి ఆధారం లేదు. కోడూరు దాటి సముద్రం వైపు వెళ్తే ఒక చిన్న పల్లె ఉండేది. ఉండేది అనే అనాలి. మిగిలినవాళ్ళు ఒక మెరక మీద తాటాకు పాకలు వేసుకుని ఉన్నారు. వాళ్ళకు పక్కా ఇళ్ళు మంజూరయ్యాయి. అయితే సముద్రానికి మరీ దగ్గరగా కట్టకూడదని పైవాళ్ళు మ్యాపు మీద ఒక గీత గీశారు. ఆ మెరక గీతకు ఇవతల ఉంటే ఇళ్ళు వస్తాయి. అవతల, అంటే సముద్రం వైపు ఉంటే, మంజూరు రద్దవుతుంది, ఇళ్ళు ఇంకో ఊరికి వెళ్ళిపోతాయి. నెలాఖరులోగా తేల్చాలి. మ్యాపు మీద గీత ఉంది కానీ, అది నేలమీద ఎక్కడ పడుతుందో చూపించడానికి రాయి లేదు. అందుకని ఉపగ్రహాన్ని అడుగుదామనుకున్నారు.

అప్పట్లో ఆకాశంలో అలాంటి ఉపగ్రహాలు నాలుగో అయిదో తిరిగేవి. ఒకటి పొద్దున కనిపిస్తే, పదహారు పద్దెనిమిది నిమిషాల్లో దాటిపోయేది. రైలు మన వైపు వస్తున్నప్పుడు కూత ఒక రకంగా, దాటిపోయాక ఇంకో రకంగా వినిపిస్తుంది కదా, ఆ మార్పును బట్టి మనం పట్టాలకు ఎంత దూరంలో ఉన్నామో లెక్క కట్టవచ్చు. ఉపగ్రహంతో చేసేదీ అదే. అది తన దారి వివరాలను రెండు నిమిషాలకోసారి మళ్ళీ మళ్ళీ చెబుతుంది కూడా. మెరక మీద గ్రాహక యంత్రం పెట్టుకుని మా సహోద్యోగి ఒకాయన కూర్చున్నాడు. బందరులో, బీరువా అంత కంప్యూటరు ముందు నేను కూర్చున్నాను. ప్రోగ్రాం రాయడం నా పని. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు, నా అంతవాడు కృష్ణా జిల్లాలో లేడని నా అభిప్రాయం. జిల్లాలో కంప్యూటరు అదొక్కటే కాబట్టి ఆ అభిప్రాయాన్ని కాదనేవాడూ లేడు.

అక్కడి అంకెలు ఇక్కడికి టెలిఫోన్లో రావాలి, అందుకు కోడూరు నుంచి మెరక దాకా తీగ లాగారు. వాటిని ఈలగా మార్చే పెట్టె అక్కడొకటి, ఆ ఈలను మళ్ళీ అంకెలుగా మార్చే పెట్టె ఇక్కడొకటి. పెట్టె మీద రెండు రబ్బరు గిన్నెలుంటాయి. ఫోను రిసీవరును వాటిలో బోర్లా పడుకోబెట్టాలి. ఉప్పెనకు స్తంభాలు పడిపోవడంతో కోడూరు లైనును గుడివాడ మీదుగా తిప్పారు. దివిలో మాట్లాడితే మాట గుడివాడ ఎక్స్చేంజికి వెళ్ళి, అక్కడి ఆపరేటరు కలిపితే బందరు వచ్చేది. మొదట్లో అక్కడ అంకెలను కాగితపు టేపు మీద కూడా గుచ్చేవారు. ఉప్పుగాలికి ఆ యంత్రం తుప్పుపట్టి మూడో వారానికల్లా మూలపడింది. అది పనిచేసే రోజుల్లోనే మా అటెండరు సాయిబుగారు ఒక మంచి మాట అన్నారు. "ఆ టేపేదో చుట్ట చుట్టి కోడూరు బస్సులో డ్రైవరుకిస్తే మధ్యాహ్నానికి వచ్చేస్తది కదండీ!" మా ఇంజనీరు గారు దానికి నొచ్చుకున్నారు. "అప్పటికప్పుడు రావాలనే కదయ్యా ఇంత పెట్టి తెచ్చింది! బస్సులో వచ్చేదానికి ఉపగ్రహం ఎందుకు?" అన్నారు. సాయిబుగారు తల ఊపి టీ తేవడానికి వెళ్ళిపోయారు.

ఇప్పుడు నా తప్పు చెబుతాను. జాగ్రత్తగా వినండి, మీరూ చేస్తారు.

ట్రంకు లైనులో గరగరలు మామూలే. మధ్యలో ఒక్క అంకె చెడిపోతే నా మొదటి ప్రోగ్రాం టక్కున ఆగిపోయేది. ఇంజనీరు గారు రోజూ వచ్చి, "ఆగిపోయేదాన్ని ప్రోగ్రాం అంటారా? మా ఇంట్లో గోడగడియారం ఇంతకంటే నయం" అనేవారు. నాకు పౌరుషం వచ్చింది. ఆ రాత్రికి రాత్రి కాదుగానీ, రెండు రోజుల్లో దాన్ని మార్చేశాను. చెడిపోయిన అంకె వస్తే దాన్ని పారేసి, దాని ముందు వచ్చిన మంచి అంకెనే మళ్ళీ రాసుకుని ముందుకు సాగిపొమ్మన్నాను. ఎన్నిసార్లు అలా చేసిందో ఎక్కడా చెప్పొద్దన్నాను. అప్పటినుంచి ప్రోగ్రాం ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంజనీరు గారు నా భుజం తట్టారు. నేను ఇంటికి ఉత్తరం రాసుకున్నాను.

ఫలితాలు రావడం మొదలైంది. మొదటిరోజు మా సహోద్యోగి తన యంత్రంతో సహా సముద్రంలో, ఒడ్డుకు చాలా దూరంలో ఉన్నాడని వచ్చింది. రెండోరోజు మొవ్వ దగ్గర వరిచేలో ఉన్నాడు. మూడోరోజు మళ్ళీ సముద్రం. నాలుగోరోజు కృష్ణ దాటి గుంటూరు జిల్లాలోకి వెళ్ళిపోయాడు. ఫోను చేసి "ఎక్కడున్నావ్?" అంటే, "మెరక మీదే ఉన్నాను, ఎక్కడికి పోతాను?" అని కసిరాడు. ఇంజనీరు గారు కంగారుపడలేదు. "ఒక్కో రోజు ఒక్కోలా వస్తుంది. సగటు తీయి, సత్యం బయటపడుతుంది" అన్నారు. తీశాను. సత్యం సముద్రంలో పడింది. రెవెన్యూ ఆఫీసుకు ఉత్తరం వెళ్ళింది. "సదరు స్థలము ఉపగ్రహ పరిశీలన ప్రకారము సముద్రమునందు ఉన్నట్లు నిర్ధారణ అయినది." కంప్యూటరు చెప్పిందని ఎవరూ ఎదురు ప్రశ్న వేయలేదు. నేనూ వేయలేదు.

రెండు రోజులకు ఆ పల్లె పెద్ద ఒకాయన బందరు వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒక చేతిలో మడతపెట్టిన ఆ ఉత్తరం నకలు, ఇంకో చేతిలో ఇంత పొడుగు సొరకాయ. బూట్లు విప్పకుండా ఎవరినీ లోపలికి రానివ్వని సాయిబుగారు, ఆయన కాళ్ళకు అసలేమీ లేకపోవడం చూసి ఏం చెయ్యాలో తోచక తలుపు తీసేశారు.

"అయ్యగారూ, ఈ కాయితం రాసింది తమరేనా?"

"యంత్రం రాసిందండీ," అన్నాను.

"సముద్రంలో సొరపాదు కాస్తదా బాబూ?" అని సొరకాయను నా బల్ల మీద, కాగితాల మీద పెట్టాడు. "మా మెరక మీద కాసింది. నిన్న కోశాను."

ఇంజనీరు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. సొరకాయ అక్షాంశ రేఖాంశాలకు సాక్ష్యం కాదని ఆయనకు వివరించడానికి ప్రయత్నించారు. ముసలాయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఆ రోజు నీళ్ళు చెప్పకుండా వచ్చినయ్యి బాబూ. మా ఇంటిదాన్నీ, ఇద్దరు మనవళ్ళనీ తీసుకుపోయినయ్యి. సముద్రానికి చదువు రాదు, ఏం చేస్తాం. మీరు చదువుకున్నవాళ్ళు. రాసి, సంతకం పెట్టి మరీ ముంచుతున్నారే!"

నాకు చెమటలు పట్టాయి. ఆ గది బందరులో ఉన్న ఒకే ఒక్క చల్లటి గది. నాకు చాలా సిగ్గేసింది. కానీ నా ప్రోగ్రాంలో తప్పుంటుందని మాత్రం అప్పుడు కూడా అనుకోలేదు. ఆ వయసు అలాంటిది. మళ్ళీ ఒకసారి చూస్తామని చెప్పి పంపించాం. సొరకాయను ఆయన తిరిగి తీసుకోలేదు.

ఆ వారంలోనే గుడివాడ ట్రంకు ఎక్స్చేంజి నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఫిర్యాదు. రాసింది అక్కడి మహిళా ఆపరేటరు. "మీ కార్యాలయపు కాల్స్ యందు ఒక పురుషుడు ప్రతిదినము ఆపకుండా ఈల వేయుచున్నాడు. పలకరించినను, మందలించినను మానుట లేదు. ఇట్టి అసభ్య ప్రవర్తనపై తగు చర్య గైకొనవలెను."

ఈల వేసేది పెట్టె అని మా ఇంజనీరు గారికి తెలియదా అంటే, తెలుసు. కానీ ఆయన పాతకాలపు ఉద్యోగి. ఫిర్యాదు వచ్చిందంటే విచారణ జరగాలి, విచారణ జరిగిందని ఫైల్లో ఉండాలి. "పెట్టె అని రాస్తే తప్పించుకుంటున్నామనుకుంటారు. ముందు మనుషుల్ని తేల్చేద్దాం" అన్నారు. గుడివాడకు ఫోను కలిపారు. ఆఫీసులో ఉన్న మగవాళ్ళందరూ ఒక్కొక్కరే ఫోన్లో ఈల వేయాలి, ఆమె గుర్తుపట్టాలి.

మొదట సాయిబుగారు. ఆయనకు ముందుపళ్ళు లేవు. బుగ్గలు ఉబ్బించి నిండా ఊదారు.

"వీరు కాదండీ," అంది ఆమె అవతలినుంచి. "వీరికి గాలే వస్తోంది."

తర్వాత నేను. నోరు ఎండిపోయింది. కీచుమని ఏదో వచ్చింది.

"వీరికి అసలు రాదండీ."

నిర్దోషినని తేలినా నాకు కొంచెం అవమానంగానే అనిపించింది. ఇక ఇంజనీరు గారి వంతు. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక త్యాగరాజ కీర్తన పల్లవి, అనుపల్లవి ఈలలో అందుకున్నారు. మేం నోళ్ళు తెరుచుకుని చూశాం. అంతవరకు ఆయన నోటినుంచి మెమోలు తప్ప ఏదీ వినలేదు మేము. 

"చాలా బాగుందండీ," అంది ఆపరేటరు. "కానీ ఇది కాదు. అది ఒకటే శ్రుతి, రాగం లేదు."

చివరకు కోడూరు సహోద్యోగిని లైన్లోకి తెచ్చారు. పాపం ఆయన మెరక మీద పాకల మధ్య నిలబడి, పల్లె అంతా చూస్తుండగా ఈల మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆమె గొంతు అడ్డొచ్చింది.

"మూడు నిమిషాలయిందండీ. పొడిగించమంటారా?"

"పొడిగించండి," అన్నారు ఇంజనీరు గారు.

 రిసీవరు ఆయన చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. "ఏవండీ, కోడూరు కాల్‌లో మీరు రోజూ ఇలాగే అడుగుతారా?"

"అడక్కపోతే ఎలాగండీ? రూలు కదా. మూడు నిమిషాలకోసారి అడగాలి. ఆ ఈల వేసేవాడు పలకడు. ఇంకోసారి గట్టిగా అడుగుతాను. అప్పటికీ పలకకపోతే నాలుగు తిట్టి, పోనీలే అని లైను ఉంచేస్తాను."

"ఏమని తిడతారు?"

"అది మీకెందుకండీ?" అంది.

మీకు అర్థమయ్యే ఉంటుంది. ఉపగ్రహం పోతూ ఉంటుంది, అంకెలు వస్తూ ఉంటాయి, మూడు నిమిషాలకోసారి వాటి మీద ఆమె తిట్లు పడతాయి. ఆ కాసేపు అంకెలన్నీ చెడిపోతాయి. నా ప్రోగ్రాం నేను చెప్పినట్టే బుద్ధిగా పాత అంకెనే మళ్ళీ మళ్ళీ రాసుకుంటుంది. అంటే లెక్క ప్రకారం, ఆమె తిట్టడం మొదలుపెట్టగానే ఉపగ్రహం ఆకాశంలో ఆగి, చేతులు కట్టుకుని నిలబడి, తిట్లు అయిపోయాక మళ్ళీ బయలుదేరేది. కోపం ఎక్కువగా ఉన్న రోజు మెరక సముద్రంలో తేలేది. కోపం తక్కువగా ఉన్న రోజు మొవ్వ దాకా వచ్చేది. ఇన్నాళ్ళుగా నేను కొలిచింది దివిసీమను కాదు, గుడివాడ ఆపరేటరు గారి సహనాన్ని.

ఇంజనీరు గారికి అంతా చెప్పేశాను. పాత అంకెలు నింపిన సంగతి కూడా. ఆయన ఫైలు తీసి మా ఉత్తరం నకలు చూశారు. "ఉత్తరం వెళ్ళిపోయింది కదయ్యా," అన్నారు. వెనక్కి తీసుకోవాలంటే కొత్త అంకె పంపాలి. కంప్యూటరుకు జ్ఞాపకం తక్కువ కాబట్టి, వచ్చిన పాత అంకెలేవీ దాచిపెట్టలేదు. నెలాఖరుకు నాలుగు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే గుడివాడ బస్సెక్కాను. ఆపరేటరు గారికి నలభై ఏళ్ళుంటాయి. చెవుల దగ్గర జుట్టు హెడ్‌ఫోనుకు నలిగి అణిగిపోయి ఉంది. ఈల వేసింది ఎవరో చెప్పాను.

"అయితే నేను ఇన్నాళ్ళూ తిట్టింది ఉపగ్రహాన్నా?" అంది.

"అవునండీ."

"ఎవరిదండీ అది? మనదేనా?"

"అమెరికావాళ్ళది."

"అయితే ఫరవాలేదు," అని కొంచెం తేరుకుంది. తర్వాత ముసలాయన సంగతి చెప్పాను. ఇళ్ళు, గీత, సొరకాయ, అన్నీ. ఆమె బోర్డు మీద వైర్లు మారుస్తూనే వింది. పలకని లైన్లను రూలు ప్రకారం కోసేయాలి కదా, మా లైను ఎందుకు ఉంచారని అడిగాను.

"ఉప్పెన రోజు నేనే డ్యూటీలో ఉన్నానండీ. దివి లైన్లు ఒకటొకటే పోయాయి. నేను పిలుస్తూనే ఉన్నాను. హలో అంటాను, పలకరు. ఇంకో లైను, హలో అంటాను, పలకరు." ఆమె చేతులు ఆగాయి. "అప్పటినుంచి దివి లైను పలకలేదంటే నాకు కోపం వస్తుంది. కానీ కోయలేను. ఎవరైనా పలుకుతారేమోనని అడుగుతూనే ఉంటాను."

  చీర కొంగుతో ముఖం తుడుచుకుని రూల్సు పుస్తకం తీసింది. పొడిగింపు అడగాలని ఉంది కానీ నోటితోనే అడగాలని ఎక్కడా లేదు. ఇద్దరం కలిసి దారి కనిపెట్టాం. ఇకమీదట మా ప్రతి కాల్‌లో రాబోయే ఆరు పొడిగింపులనూ కోరుతూ నేను ముందే ఒక అర్జీ రాసిచ్చాను. ఆమె దాని మీద ముద్ర కొట్టింది.

"అర్జెంటు కాల్ వచ్చినా ఆపుతాను. లైట్నింగ్ కాల్ వస్తే మాత్రం నా చేతిలో లేదండీ. దానికి అన్నీ దారివ్వాల్సిందే," అంది. లైట్నింగ్ అంటే అన్నిటికంటే ముందు కలపవలసిన కాల్. మంత్రులకూ మరణాలకూ తప్ప ఎవరూ వాడేవారు కాదు.

తిరిగొచ్చి ప్రోగ్రాం మార్చాను. అంకె చెడితే అక్కడ ఖాళీ ఉంచమన్నాను. ఉపగ్రహం తన దారి వివరాలను పదేపదే చెబుతుంది కనుక, ఒకసారి చెడినదాన్ని మిగతా సార్లతో పోల్చి సరిచేసుకోమన్నాను. కూతలోని మార్పు మాత్రం పోతే పోయినట్టే, దాన్ని కల్పించవద్దన్నాను. ఖాళీలు మరీ ఎక్కువై నిజం తేలకపోతే, తెలియదు అని అచ్చు వేయమన్నాను. ఆ చివరి ముక్క రాయడానికి నా చేయి ఒక పట్టాన రాలేదు. తెలియదు అనే కంప్యూటరును ఎవరు కొంటారు?

తర్వాతి రెండు రోజులూ ఉపగ్రహాలు ఒకటి మరీ నడినెత్తిన, ఇంకొకటి మరీ అంచున పోయాయి. ఏదీ పనికిరాలేదు. ఆఖరి రోజు పొద్దున పదకొండుకు ఒకటి మంచి ఎత్తులో ఉంది. రెవెన్యూ అధికారి తనే జీపులో బందరు వచ్చి మా ఎదురుగా కూర్చున్నారు. సాయంత్రంలోగా ఆయన సంతకం పడాలి. పల్లె పెద్ద గది మూలన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ ఇస్తే కూర్చోలేదు.

పదకొండయింది. కాల్ కలిసింది. సాయిబుగారు రిసీవరును రబ్బరు గిన్నెల్లో పెట్టి పైన దుప్పటి కప్పారు. ఈల మొదలైంది. మూడు నిమిషాలు. ఎవరూ అడగలేదు. ఆరు నిమిషాలు. తొమ్మిది. ఆ గదిలో ఎవరూ దగ్గలేదు కూడా. ప్రోగ్రాం ఒక్కొక్క అంకెనూ మింగుతోంది. ఖాళీలు లేవు. ఇంకొక్క నాలుగు నిమిషాలు వస్తే చాలు.

పదకొండో నిమిషంలో ఈల ఆగిపోయింది. దుప్పటి కిందనుంచి ఆమె గొంతు వినిపించింది, దాదాపు ఏడుస్తూ. "లైట్నింగ్ కాల్ అండీ! హైదరాబాదు నుంచి. మీ ఆఫీసుకే!"

ఇంజనీరు గారు దుప్పటి లాగేసి రిసీవరు ఎత్తారు. అటునుంచి మా పెద్దాఫీసులోని పెద్దసారు. ఆయన గొంతు గది మొత్తానికి వినిపించింది.

"ఇవాళ చాలా ముఖ్యమైన రోజని విన్నాను. డేటా అంతరాయం లేకుండా వస్తోందా?"

ఇంజనీరు గారు లేచి నిలబడి ఉన్నారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. "వస్తోంది సార్," అన్నారు.

"వెరీ గుడ్. రానివ్వండి," అని ఆయన ఇంకా చాలాసేపు మమ్మల్ని ఉత్సాహపరిచారు. ఆయన ఫోను పెట్టేసరికి ఉపగ్రహం దివిసీమ దాటి వెళ్ళిపోయింది.

టెలిప్రింటరు కొట్టుకుంది. వచ్చిన అంకెలతో లెక్క కట్టి, మెరక చుట్టూ ఒక పెద్ద వలయం ఇచ్చింది. మ్యాపు మీద పెట్టి చూశాం. గీత ఆ వలయానికి నడుమగా పోతోంది. ఇవతలా అవతలా అన్న చోట ప్రోగ్రాం నేను నేర్పిన మాటే కొట్టింది. తెలియదు.

ఇంజనీరు గారు నా చెవి దగ్గరికి వంగారు. "పాత ప్రోగ్రాం ఉందిగా. ఆ మిగతా నిమిషాలు నింపెయ్. ఏదో ఒకటి వస్తుంది."

ఏదో ఒకటి కాదు, నాకు కావలసింది తెప్పించగలను నేను. ఎక్కడ ఏ అంకె నింపితే వలయం చిన్నదై గీతకు ఇవతల కూర్చుంటుందో అప్పటికే నా మనసులో లెక్క అయిపోయింది. ఇళ్ళు వచ్చేస్తాయి. ముసలాయన దణ్ణం పెట్టుకుంటూ ఇంటికి పోతాడు. నేను చేసిన తప్పు కడిగేసుకున్నట్టూ అవుతుంది. సొరుగు తెరిచి పాత ప్రోగ్రాం టేపు చేతిలోకి తీసుకున్నాను. ఆ మాట దాచను.

దాన్ని తిరిగి సొరుగులోనే ఎందుకు పెట్టేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ధర్మం న్యాయం అని పెద్ద మాటలు చెప్పను. భయం వేసింది. ఆ మెరకను సముద్రంలో పడేసిన రోజున కూడా నాకు ఇంతే ధీమాగా ఉంది కదా అనిపించింది. టెలిప్రింటరు నుంచి కాగితం చింపి రెవెన్యూ అధికారి చేతికిచ్చాను.

"తెలియదా?" అన్నారాయన. "ఇంత సరంజామా పెట్టుకుని, తెలియదా?"

"తెలియదండీ."

మూలన ముసలాయన నెమ్మదిగా కింద కూర్చుండిపోయాడు. ఆయన వైపు చూడలేకపోయాను. అధికారి తన ఫారం తీశారు. అందులో రెండే గడులు, లోపల, బయట. రద్దు చేయాలంటే ఒకదానిలో టిక్కు పెట్టాలి, మంజూరు చేయాలంటే ఇంకోదానిలో. పెన్ను చేతిలో పట్టుకుని ఆ రెంటినీ చాలాసేపు చూశారు. వెనక్కి తిప్పారు. అక్కడ చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. సర్వే వలన తేలని పక్షమున అధికారి స్వయముగా స్థలమును దర్శించి నిర్ణయించవలెను.

"ఈ ఎండలో కోడూరా!" అన్నారు. అని, లేచారు.

జీపులో అందరం ఇరుక్కుని వెళ్ళాం. కోడూరు దాటాక రోడ్డు లేదు, చివరి మైలు నడిచాం. ఆయన బూట్ల నిండా బురద. పాకల ముందు నిలబడి రుమాలుతో మెడ తుడుచుకుంటూ ముసలాయనను అడిగారు. "ఉప్పెన నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?"

ఎంత దూరం వచ్చాయో చూపిస్తాడనుకున్నాం. ఆయన చేయి నేల వైపు చాపలేదు. పక్కనున్న తాడిచెట్టు దగ్గరికి నడిచి, తల పైకెత్తి, కమ్మల కింద మానుకు చుట్టుకుని మిగిలిన తాడు ముక్కను చూపించాడు.

"అక్కడిదాకా వచ్చినయ్యి బాబూ. ఆ తాడుతోనే కట్టుకున్నాను. ఒక చేత్తో మా ఇంటిదాన్ని పట్టుకున్నాను. తెల్లారేసరికి చెయ్యి ఖాళీగా ఉంది."

అధికారి తల ఎత్తి చాలాసేపు చూశారు. గీతకు ఇవతలైనా అవతలైనా ఆ తాడు అంత ఎత్తునే ఉండేది. ఆయన అక్కడే, మా సహోద్యోగి యంత్రపు పెట్టె మీద ఫారం పెట్టుకుని రాశారు. గడుల్లో టిక్కు పెట్టలేదు. వాటి మీదుగా అడ్డంగా రాశారు. ఇళ్ళు ఇక్కడే కట్టవలెను. మెరకను ఇంకా ఎత్తు చేయవలెను. కప్పులు కాంక్రీటువి, మీదికి ఎక్కడానికి ప్రతి ఇంటికీ బయటినుంచి మెట్లు ఉండవలెను. సంతకం పెట్టి, తేదీ వేసి, జీపు వైపు నడిచారు.

నేనూ వెళ్ళబోతుంటే ముసలాయన నా మోచేయి పట్టుకుని ఆపాడు.

"తెలియదని రాసింది నువ్వేనా బాబూ?"

"నేనేనండీ," అన్నాను. క్షమించమని అడుగుదామని నోరు తెరిచాను.

"మంచి పని చేశావు," అన్నాడు. "తెలుసన్నోళ్ళెవరూ ఇంతదాకా ఇక్కడికి రాలేదు."